నాయనమ్మ కాసు

డిగ్రీ రెండో ఏడు ఫీజు కోసం మా నాయనమ్మ తన కాసులపేరులోంచి ఒక కాసు తీసిచ్చింది. దానిమీద ఒకవైపు అయిదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపే వీరుడు. నాయనమ్మ మటుకు ఆయన్ని కల్కి అవతారమనే నమ్మి, మెళ్లో వేసుకున్నప్పుడల్లా కళ్లకద్దుకునేది. కంసాలి ఆ బొమ్మలకేసి చూడనన్నా చూడలేదు. కొక్కెం విరిచి, తూచి, ధర చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ నెలలోనే చరిత్ర మేష్టారు రోమను బంగారు నాణెం ఫోటో చూపించారు. పేరు ఆరియస్. అగస్టస్ నాడు ఒక రోమను పౌను బంగారానికి 40 కొట్టేవారట. అంటే రమారమి 8 గ్రాములు, అచ్చం మన కాసెత్తు! (నీరో వచ్చి 45 చేశాడు. ఏలినవారి చేతివాటం ఈనాటిది కాదు.) పత్రికలూ రేడియోలూ లేని ఆ కాలంలో చక్రవర్తి మొహం ఊరూరా తిరగాలంటే నాణెమే దిక్కు. సీజరును పొడిచిన బ్రూటస్ క్రీ.పూ. 42లో రెండు బాకులూ, వాటి నడుమ బానిసత్వం వదిలినవాడు పెట్టుకునే టోపీ వేయించాడు. హత్యను అంత బాహాటంగా చాటుకున్నాడు సరే, రెండోవైపు వేయించుకున్నది మాత్రం తన తలే! రాజు కాబోతున్నాడని సీజరును చంపినవాడు మరి.

ఆ మొహాలు మన దేశానికొచ్చి ఏమయ్యాయి? వినుకొండలో 1889లో దొరికిన బంగారు నాణేల్లో టైబీరియస్ మొదలు కారకల్లా దాకా ఉన్నారు. నాగార్జునకొండలోనూ ఆరియస్‌లు దొరికాయి. ఇండియాలో దొరికినవాటిలో కొన్నింటిమీద చక్రవర్తి చెంప మీదుగా ఉలిగాటు ఉంటుంది. లోపలి లోహం పరీక్షించారని కొందరూ, డబ్బుగా చెల్లకుండా చేశారని కొందరూ అంటారు. మరికొన్నింటికి చిల్లులు, కొక్కేలు. ఎవరి మెళ్లోనో వేలాడాయన్నమాట.

ఆ గాటు చూడగానే నాకు మా కంసాలి కళ్లముందు మెదిలాడు.

సెలవులకు వెళ్లినప్పుడు నాయనమ్మకి టైబీరియస్ నాణెం వెనకవైపు బొమ్మ చూపించాను. పీఠం మీద కూచున్న స్త్రీ, ఒక చేత దండం, ఒక చేత కొమ్మ. చక్రవర్తి తల్లి లివియా అంటారని చెప్పబోయాను.

"ఎవరి తల్లో ఏమిట్రా, లక్ష్మీదేవి కాదూ!" అని నాయనమ్మ పుస్తకాన్నే కళ్లకద్దుకుంది.

ఆవిడ కాసులపేరులో ఆ కాసు ఉన్నచోట ఇప్పుడు ఎర్రదారం ముడి ఉంది. పరీక్ష ఫీజు నోటీసు నిన్ననే అంటించారు.