దుబాసి ధర్మం

రెండు భాషల నడుమ నిలిచి ఒకరి మాటను మరొకరికి అందించేవానిని పెద్దలు ‘దుబాసి’ అన్నారు. ‘ద్విభాషి’ అనే సంస్కృత పదమే అలా మారింది. ‘కాశీయాత్ర చరిత్ర’ రచించిన ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసినవాడే.

అట్టి దుబాసి అవసరం బోధన్ సీమలో అడుగడుగునా ఉండేది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో అక్కడ చెరకు విస్తారంగా పండింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. కచేరీలో ఉర్దూ, పొలంలో తెలుగు, సరిహద్దు పల్లెల్లో మరాఠీ వినిపించేవి. 2015లో కర్మాగారం మూతపడినా, ఆ మూడు భాషలూ నేటికీ అక్కడ కలిసే ఉన్నాయి.

దుబాసి పని పైకి సులభంగా కనిపిస్తుంది. వక్త కొన్ని వాక్యాలు పలికి ఆగుతాడు. దుబాసి వాటిని రెండవ భాషలో చెబుతాడు. అతడు ప్రతి పదమూ రాసుకోడు. పేర్లు, అంకెలు, తేదీలు మాత్రం కాగితంపై పెడతాడు. కారణం నుండి ఫలితానికి ఒక బాణపు గుర్తు గీస్తాడు. మిగిలిన భావాన్ని మనసులో నిలుపుకుంటాడు. “ఆయన అంటున్నాడు” అనకుండా, వక్త వలెనే “నేను” అని పలుకుతాడు. 1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణతో, వక్త మాట్లాడుతుండగానే చెవిలో అనువాదం వినిపించే పద్ధతి ప్రసిద్ధి పొందింది. అయినా ముఖాముఖి చర్చలలో పాత పద్ధతే నిలిచింది.

అసలు పరీక్ష చిన్న మాటల దగ్గర ఎదురవుతుంది. చెరకు ధరపై చర్చ జరుగుతున్నదనుకుందాం. అధికారి ఉర్దూలో “హమ్ కో నుక్సాన్ హువా” అన్నాడు. దీనిని “మాకు నష్టం వచ్చింది” అనాలా, “మనకు నష్టం వచ్చింది” అనాలా? ‘మాకు’ అంటే రైతు వెలుపల నిలుస్తాడు. ‘మనకు’ అంటే ఆ నష్టంలో అతడూ పాలివాడవుతాడు. మరాఠీలో ‘ఆమ్హీ’, ‘ఆపణ్’ అని ఈ భేదం ఉన్నది. కచేరీ ఉర్దూలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. దుబాసి తనకు తోచినది ఎంచుకుంటే తీర్పరి అవుతాడు. “ఇందులో రైతులూ ఉన్నారా?” అని అతడు అధికారిని అడగాలి. అలా అడిగినట్లు రైతులకూ చెప్పాలి.

ఈ బాధ్యత వృత్తి దుబాసీలకే పరిమితం కాదు. మరాఠీ మాత్రమే తెలిసిన అవ్వను నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకువెళ్లే మనుమడూ దుబాసియే. ఆమె నొప్పి ఎప్పుడు మొదలైందో, రాత్రి ఎలా పెరిగిందో వివరంగా చెబుతుంది. అతడు తొందరపడి “కడుపునొప్పి” అని ఒక్క మాటతో ముగిస్తే, వైద్యునికి అవసరమైనదే అందకుండా పోతుంది. అవ్వ మాట ఎంత పొడవుగా ఉన్నా, దానిని కుదించే హక్కు అతనికి లేదు.