కుక్క ఏడిస్తే చావు వస్తుందా?

మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి టాటా కంపెనీలో పనికని జంషెడ్‌పూర్ వచ్చారు. బిష్టుపూర్‌లో స్థిరపడ్డాం. ఊరు మారింది గానీ, నమ్మకాలు మూటాముల్లెతో పాటే వచ్చేశాయి.

పిల్లల పోరు పడలేక ఒక బాసెట్ హౌండ్‌ని తెచ్చుకున్నాం. హష్ పప్పీస్ చెప్పుల బొమ్మ మీద ఉండే కుక్క అంటే చాలామందికి గుర్తొస్తుంది. దానికి గుండు అని పేరు పెట్టాం. నేలను ఊడ్చే చెవులు, అప్పుల్లో మునిగినవాడి మొహం. ఏ శాపం వల్లో కాళ్ళు కురచయ్యాయన్నారు ఒకావిడ. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు ప్రతి ఉండటమే ఆ పొట్టి కాళ్ళకు కారణమని 2009లోనే శాస్త్రజ్ఞులు తేల్చారు.

పిల్లలతో దానికి ఓర్పు ఎక్కువ. మాట వినడం తక్కువ. ఏదైనా వాసన తగిలిందంటే ఇక మనం లేనట్టే. కుందేళ్ళ వేట కోసం పెంచిన జాతి ఇది. వెనక నడిచొచ్చే వేటగాడికి వినపడాలి కాబట్టి గొంతు కూడా పెద్దదే.

ఆ గొంతుతోనే చిక్కొచ్చింది. రాత్రిళ్ళు ఊళ పెట్టేది. "కుక్కకి యముడు కనపడతాడురా. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడు, ఎవరికైనా ఇచ్చెయ్" అంది మా పిన్ని. నాన్నకి గుండె జబ్బు. అమ్మ ఏమీ అనలేదు గానీ ఆమె మొహంలో భయం కనిపించింది.

నవ్వి ఊరుకుంటే అది జవాబు కాదు. ఒక నోటుబుక్కు పెట్టి, గుండు ఎప్పుడు ఊళ పెట్టిందో, అంతకుముందు ఏం జరిగిందో రాశాను. చాలాసార్లు ముందు వినపడింది సైరన్. టాటా మెయిన్ హాస్పిటల్‌కి వెళ్ళే అంబులెన్సులు మా వీధి పక్కనుంచే పోతాయి. వాటిలో వెళ్ళేది ప్రాణం మీదికొచ్చినవాళ్ళు. అందుకే గుండు ఏడ్చిన రాత్రి ఎవరో ఒకరు పోవడంలో వింత లేదు. రెంటికీ మూలం ఆ బండే.

ఆ మధ్యే గుండు తల విదిలిస్తూ, చెవి గోక్కుంటూ బాధపడింది. దిష్టి అని మెడకు నల్లతాడు కట్టారు. డాక్టరు చెవి ఎత్తి చూస్తే లోపల చీము. వేలాడే చెవిలోకి గాలి ఆడదు, తడి నిలిచి ఇన్ఫెక్షన్ వస్తుంది. తాడు కట్టినవాళ్ళెవరూ ఆ చెవి ఎత్తి చూడలేదు.

కొన్ని నెలలకు నాన్న పోయారు. ఆ రాత్రి గుండు ఊళ పెట్టింది. పిన్ని నా వైపు చూసింది. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు జలదరించింది. కర్మకాండ గొడవలు సద్దుమణిగాక నోటుబుక్కు తీశాను. అంతకుముందు వారంలోనే నాలుగు రాత్రులు ఊళ పెట్టింది. అప్పుడు మా ఇంట్లో ఎవరూ పోలేదు. ఆ నాలుగూ ఎవరికీ గుర్తులేవు. దుఃఖంలో ఉన్న మనిషికి నింద వేయడానికి ఎవరో ఒకరు కావాలి. కుక్క ఎదురు చెప్పలేదు కదా!

ఆ పేజీ అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు.

బాసెట్‌ని పెంచాలనుకునేవారికి నా మాట ఇది. వారం వారం చెవులు శుభ్రం చేయండి, జారిన కళ్ళు తుడవండి. ఒళ్ళు పెరగనివ్వకండి. నడుం పొడుగు కాబట్టి మెట్లు ఎక్కించకండి, ఎత్తుకోండి. ఊళ పెడితే ముందు వీధిలోకి చూడండి.

ఇప్పుడు గుండు చెవులు తుడిచేది అమ్మే. సైరన్ వినపడితే "ఏడవకురా, ఎవరో ఆసుపత్రికి వెళ్తున్నారు" అంటుంది.