పరిస్రుత



అమరకోశం ద్వితీయకాండలో మద్యానికి చెప్పిన పర్యాయపదాలను ఎన్నోమార్లు వల్లించినవాడను: సుర, హాల, మదిర, కాదంబరి, పరిస్రుత. చివరిదానికి స్రవించినది, బొట్టుబొట్టుగా కారినది అని అర్థం. పదం నోట పలికినదే కాని ద్రవ్యం నాలుకకు తగిలినది కాదు. పైగా ఆ ద్రవ్యంపై నాకొక పగ ఉంది. నా వద్ద చదివిన ఒక పిల్లవాని తండ్రి సారాకు బలి అయ్యాడు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాను నిషేధించేనాటికి ఆ ఇంట తాగేవాడే మిగలలేదు.

ఆ పిల్లవాడే ఇప్పుడు స్కాట్లండులో ఉద్యోగి. మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చి, నా ముందు చిటికెనవేలంత సీసా పెట్టాడు. కోపం వచ్చిన మాట దాచను.

"నీవా నాయనా, దీన్ని తెచ్చింది?"

"తాగొద్దు మేష్టారూ, వాసన చూడండి చాలు."

అది ఐలా ద్వీపంలోని పోర్ట్ ఎలెన్ అనే రేవుపల్లె విస్కీ. అక్కడి బట్టీ 1825లో మొదలయింది. మొలకెత్తిన బార్లీని, పీటు అనే నాచుమట్టిని కాల్చిన పొగలో ఆరబెట్టి కాచేవారు. గిరాకీ తగ్గి, 1983లో, ఆ ద్వీపంలో ఒకే సంస్థకున్న మూడు బట్టీలలో దీనినే మూసివేశారు. అంతవరకు దాని సరుకు అధికభాగం ఇతర విస్కీలలో పేరు లేకుండా కలిసిపోయేది. మిగిలినది ఓకు పీపాలలో ముదిరింది. ఏటా నూటికి రెండు పాళ్ళ వరకు ఆవిరవుతుంది; దానిని దేవదూతల వాటా అంటారు. తరగడమే కాని పెరగడం లేని సరుకు గనుక వెల ఆకాశానికి ఎక్కింది. నలుగురు స్నేహితులు కలిసి కొన్న సీసాలోని బొట్లట ఇవి.

మూత తీశాడు. పొగ, ఉప్పుగాలి. ఓడలు రావడం మానిన మన కళింగపట్నం రేవులో, సాయంవేళ ఎవరింటనో పొయ్యి రాజుకున్నట్టుంది.

"మా అయ్య తాగింది ఎవడు కాచాడో, ఏం కలిపాడో ఎవరికీ తెలీదు మేష్టారూ. ఇది కాచినవాళ్ళ ఊరికైనా వెళ్ళి చూసొచ్చాను."

తండ్రిని మరచి విలాసం నేర్చాడనుకున్నాను. మరువలేకనే అంత దూరం వెళ్ళి విచారించాడు. మద్యంపై నా అభిప్రాయం మారలేదు, అతనిపై మారింది.

పోర్ట్ ఎలెన్ బట్టీ 2024లో మళ్ళీ తెరుచుకుంది. ఆ ఏడు పీపాకెత్తినది నలభయ్యేళ్ళు ముదరాలంటే 2064 రావాలి. నింపిన చేతులలో కొన్నిటికి ఆ రుచి దక్కదు. ఉపాధ్యాయునికి ఈ లెక్క కొత్త కాదు. నాలుగు పదాలు నింపి పంపడమే మా పని. ఎవరిలో ఏది ఎలా ముదిరిందో చూచే యోగం ఎప్పుడో గాని కలుగదు. నాకు ఆ సాయంత్రం కలిగింది.

సీసాను అతడే తీసుకుపోయాడు. పొగవాసన మర్నాటిదాకా గదిలో ఉంది.