సమాధి మీద ప్లాస్టిక్ పూలా?

నవంబరు 2 సమాధుల పండుగ. అంతకు ముందే తెలుగు క్రైస్తవ కుటుంబాలు శ్మశానానికి వెళ్లి కలుపు పీకి, సమాధులు కడిగి, సున్నం వేస్తాయి. పండుగనాడు కొవ్వొత్తులు, ప్రార్థనలు, గేటు బయట పూల బండ్లు. ఆ బంతీ చామంతుల పక్కనే, థర్మకోల్ చక్రానికి గుచ్చిన ప్లాస్టిక్ గులాబీలు వేలాడుతుంటే మనసు చివుక్కుమంటుంది.

అలంకరణకు వాడే థర్మకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ మాట అటుంచినా, అమ్మ తలలో ఏనాడూ ప్లాస్టిక్ పువ్వు తురమనివాళ్లు ఆమె సమాధి మీద ఎలా పెడతారు?

పూలచక్రం ఇంట్లో కట్టుకోవడం కష్టమేమీ కాదు. వెదురు బద్దను నానబెట్టి, గుండ్రంగా వంచి, కొసలు కలిపి కట్టాలి. దాని చుట్టూ వరిగడ్డి రెండు వేళ్ల మందాన చుట్టి పురికొసతో బిగించాలి. ఆపైన నరమామిడి ఆకులు, సరుగుడు రెమ్మలు, పూలు చిన్న చిన్న గుత్తులుగా తీసుకుని తడిపిన అరటినారతో ఒకే వైపుకు కట్టుకుంటూ పోవాలి. ప్రతి గుత్తీ ముందు గుత్తి కాడల్ని కప్పాలి. చివరి గుత్తి కాడలు మొదటి గుత్తి కిందికి దూరిపోవాలి. నలుగురు కూర్చుంటే ఆకు అందించేవాళ్లు ఒకరు, నార తడిపేవాళ్లు ఒకరు. పోయినవాళ్ల కబుర్లు వాటంతట అవే వస్తాయి.

పూలు ఏవైనా సరే. ఫ్రాన్సులో చామంతి సమాధుల పువ్వుగా ముద్రపడి, ఎవరింటికైనా కానుకగా తీసుకెళ్లడానికి జంకుతారు. మన చామంతికి ఆ పట్టింపు లేదు. జడలోకీ, దేవుడి పటానికీ, సమాధికీ అదే.

అయితే రెండు రోజుల్లో వాడిపోతాయనేగా ప్లాస్టిక్ కొనేది? వాడినా రంగు వీడని పూలు పెరట్లోనే ఉన్నాయి. పూల రంగు ఎంతకాలం నిలుస్తుందో చూడండి: 1922లో పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ కనుగొన్న ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో, శవపేటిక నుదుటి మీద ఆలివ్ ఆకులతో, నీలి పూలతో కట్టిన బుల్లి చక్రం ఉంది. మూడు వేల ఏళ్లు దాటినా ఆ పూలలో రంగు ఛాయ మిగిలే ఉందని ఆయన రాశాడు.

మనకు బొగడబంతి ఉంది. అందులో కంటికి పువ్వుగా కనబడేవి నిజానికి రంగు పట్టిన పొరలు. అవి పొడిగా ఉంటాయి కనుకే కోశాకా ఊదారంగు నిలుస్తుంది. బాగా విచ్చిన పూలను కాడలతో కోసి, గుత్తులు కట్టి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. తొలకరికి విత్తితే సమాధుల పండుగ నాటికి చేతినిండా పూలే.

బొగడబంతిదీ తోటకూర కుటుంబమే. సీతజడ, గునుగు కూడా ఆ ఇంటివే. గునుగును ఎవరూ విత్తరు. చేలల్లో కలుపుగా తనే మొలుస్తుంది. తెలంగాణలో బతుకమ్మకు ముందు పిల్లలు చేల వెంట తిరిగి ఒడినిండా కోసుకొచ్చేవారు. ఆడవాళ్లు కొసలు కత్తిరించి, రంగునీళ్లలో ముంచి, తంగేడు వరుసల మధ్య పేర్చేవారు. కలుపుమందుల దెబ్బకు గునుగు కరువైన చోట ఇప్పుడు కట్టల లెక్కన కొంటున్నారు. కొన్నా సరే, సమాధికి ప్లాస్టిక్ వద్దనుకున్నట్టే బతుకమ్మలోనూ సగమైనా రంగులద్దకుండా పేర్చి చూడాలి. లేత గులాబీ కొస కింద వెండిలా మెరిసే ఆ తెలుపుకు రంగుపొడి దేనికి?