ఏజెన్సీకెల్లేవేటి?

మా కోటవురట్లలో ఎవరికి జ్వరమొచ్చినా మా నాయనమ్మ నుదురు ముట్టుకోకముందే ఓ ప్రశ్న వేసేది. ‘ఏజెన్సీకెల్లేవేటి?’ అని. చిన్నప్పుడు మాకది నవ్వులాట. పేపర్లో చేరి, డాక్టర్లతో మాట్లాడుతుంటే తెలిసింది... వైద్యులు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదేనని!

మాది కొండకింది ఊరు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి, చింతపల్లి, ఆపైన పాడేరు. ఇక్కడి ఉల్లిపాయలు, ఎండుచేపలు, బట్టలు అక్కడి సంతలకు వెళ్తాయి. అక్కడి చింతపండు, పసుపు, అడ్డాకులు కిందికి దిగుతాయి. వాటితోపాటు కంటికి కనపడనిదీ ఒకటి దిగుతుంది. మలేరియా!

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అప్పట్నుంచీ నేరమంతా దోమదే అనుకుంటున్నాం. కానీ మలేరియా దోమ మామూలుగా ఒకట్రెండు కిలోమీటర్లు దాటి ఎగరదు. బస్సెక్కి ఘాట్ దిగేది మనిషే. కుట్టిన రోజే జ్వరం రాదు. వారం, పదిరోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వైవాక్స్ రకమైతే కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తుంది. జ్వరపడ్డ మనిషిని మన ఊరి అనాఫిలిస్ దోమ కుట్టిందా... కొన్నాళ్లకు పక్కింట్లోనూ వణుకు మొదలవుతుంది.

వరసకు మావయ్య ఒకాయన సంతల్లో బట్టలమ్మేవాడు. ఓ వానాకాలం సంత చేసుకొచ్చిన పదిరోజులకు చలిజ్వరం. ఓ ప్రైవేటు ఆస్పత్రిలో మాత్రలిచ్చి పంపేశారు. ఎక్కడెక్కడ తిరిగావని వాళ్లు అడగలేదు, ఈయనా చెప్పలేదు. నాలుగోరోజుకు మాట తడబడింది. అత్తనే గుర్తుపట్టలేదు. విశాఖ తీసుకెళ్లేసరికి ఫాల్సిపారం మెదడుకెక్కింది. మనిషి దక్కలేదు. ఇద్దరు చిన్నపిల్లలతో అత్త మిగిలింది.

‘కొండోళ్లు తెచ్చే రోగం’ అనేవాళ్లున్నారు. అది అన్యాయం. దీనికి ముందు బలయ్యేది కొండమీది పసిపిల్లలే. పైగా ఇప్పుడు సంత వ్యాపారులే కాదు, మంచు చూడ్డానికి కుటుంబాలకు కుటుంబాలే కార్లలో లంబసింగి వెళ్తున్నాయి. రాకపోకలు ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. శ్రీలంకను 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ తర్వాత కూడా వాళ్లు విదేశాల నుంచి జ్వరంతో వచ్చినవాళ్ల రక్తం పరీక్షిస్తూనే ఉన్నారు.

మనం చేయాల్సిందీ అంతే. జ్వరమొస్తే ఎక్కడికెళ్లొచ్చామో డాక్టరు అడక్కపోయినా చెప్పాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష ఉచితం. కిట్‌తో అయితే ఇరవై నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. వైవాక్స్ అని తేలి, డాక్టరు 14 రోజులు ప్రైమాక్విన్ రాస్తే 14 రోజులూ వేసుకోవాలి. మూడోరోజుకు జ్వరం తగ్గిందని మిగతా మాత్రలు అలమరలో పడేస్తే, కాలేయంలో దాక్కున్నది అలాగే ఉండిపోతుంది.