బుధవారం ఎవరిది?

ఈ నెల మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలని ఉంది. ఆ తప్పు నాదే.

మా ద్వారకా తిరుమలలో, కొండకు వెళ్లే దారికి కాస్త ఎడంగా ఉన్న రెండు గదుల పెంకుటింట్లో మా సంఘపు మామ్మగారు ఒక్కరే ఉంటారు. డెబ్బై ఎనిమిదేళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి. ఒక్కగానొక్క కూతురు కువైట్‌లో పనిచేస్తోంది. అక్కడ ఆమె పని వేరొకరి ముసలి తల్లిని చూసుకోవడమే. మన గోదావరి ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు మీకు కొత్త కాదు.

"మామ్మగారి బాధ్యత మన సంఘానిదే" అని ఆరాధనలో నేనే ప్రకటించాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటికి నాలుగు క్యారేజీలు వచ్చేవి. బుధవారం ఎవరూ వెళ్లేవారు కాదు. ఎవరికి వారు ఇంకొకరు వెళ్లి ఉంటారనుకునేవాళ్లం.

కిందటి వర్షాకాలంలో ఒక బుధవారం రాత్రి, పెరట్లోని మరుగుదొడ్డికి వెళ్తూ మామ్మగారు నాచుమీద కాలుజారి పడిపోయారు. తెల్లవారేదాకా అక్కడే ఉన్నారు. పూలమ్మే ఎదురింటి ఆవిడ కొండకు బయలుదేరుతూ మూలుగు విని పరుగెత్తింది. 108 బండిలో ఏలూరు తీసుకువెళ్లాం. దేవుని కృపవలన ఎముక విరగలేదు. నాకు మాత్రం చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆసుపత్రినుండి రాగానే వృద్ధాశ్రమం మాట ఎత్తాను. ఆమె నావైపు చూసి, "అయ్యగారూ, నాకేం కావాలో ఒక్కసారైనా నన్ను అడిగారా?" అన్నారు.

మర్నాడు నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి అడిగాను.

"పొద్దున్న చేతులాడతాయి, అన్నం నేనే వండుకుంటాను. రాత్రికి ఎవరైనా రెండు చపాతీలు ఇస్తే చాలు. అక్షరాలు ఆనడం లేదు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియదు. చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే భయం. చేతులు పైకి లేవవు, ఎవరైనా తల దువ్వి జడ వేస్తే బాగుండును."

ఈ చివరి మాట నేను కలలోనైనా ఊహించలేదు.

ఇప్పుడు ఆమె గోడమీద ఒక కాగితం ఉంది. రాత్రి చపాతీలు రోజుకో ఇంటివి, పేర్లతో సహా. సోమవారం నర్సింగు చదివిన అమ్మాయి బీపీ, షుగరు చూసి, పొద్దుటి మాత్రలు ఎర్ర డబ్బాలో, రాత్రివి తెల్ల డబ్బాలో సర్దుతుంది. శనివారం స్త్రీల సమాజంనుండి ఒకరు వచ్చి జడ వేసి, వాక్యం చదివి వినిపిస్తారు. పెరట్లో బల్బు వేయించాం, నాచు గీకించి గరుకు సిమెంటు పోయించాం, గోడకు ఇనుప కమ్మీ బిగించాం. రెండో తాళంచెవి ఎదురింట్లో ఉంటుంది. పొద్దున్న ఆరింటికల్లా మామ్మగారు అరుగుమీద చెంబు పెడతారు. అది కనబడకపోతే పూలమ్మే ఆవిడ లోపలికి వెళ్తుంది. ఆవిడ వేంకన్న భక్తురాలు, అయినా మొదటి కాపలా ఆవిడదే.

ఒకటో తేదీన సచివాలయంవారు ఇంటికే పింఛను తెస్తారు. 2024 నుండి అది నెలకు 4,000 రూపాయలు. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో మామ్మగారే చెబుతారు. కాగితం అడుగున కూతురి నంబరు, 108, వృద్ధుల సహాయ నంబరు 14567 పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రకు అన్యాయం జరిగింది. అప్పుడు ఏడుగురిని ఏర్పరచుకున్నారు. ఆ ఏడుగురి పేర్లూ అక్కడ ఉన్నాయి. ఇన్నేళ్లు ఆ భాగం మీద ప్రసంగించిన నేను ఆ పేర్లు ఎందుకున్నాయో ఆలోచించలేదు. పేరు లేని బాధ్యత ఎవరిదీ కాదు.

నెలకోసారి ఆ కాగితం మామ్మగారి ముందే తిరగరాస్తాం. చలికాలంలో మోకాళ్లు పట్టేసి వంట చేయలేకపోయారు, మధ్యాహ్న భోజనం కూడా చేర్చాం. ఎండలు ముదిరాక ఆమే కొట్టివేయించారు.

మొన్న కూతురు ఫోను చేసింది. "అయ్యగారూ, ఇక్కడి పెద్దావిడకు రోజూ నేనే జడ వేస్తాను. మా అమ్మకు ఎవరు వేస్తున్నారోనని ఏడ్చేదాన్ని" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దవారు ఉన్నారా? క్యారేజీ పట్టుకెళ్లే ముందు ఒక కాగితం, కలం పట్టుకెళ్లండి. వారినే అడిగి రాయండి. తర్వాత మీలో మీరు అడుగుకోండి: బుధవారం ఎవరిది?