చోడి అంబలిలో ఉండలు, ఎపాక్సీలో గ్రాఫీన్

మేం చోడవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఒకే గదిలో నలుగురం. నలుగురిళ్లలోనూ కాలేజీ గుమ్మం ఎక్కింది మేమే మొదలు. సెమినార్‌కి ఎపాక్సీలో గ్రాఫీన్ కలిపితే బలం ఎలా మారుతుందన్న టాపిక్ తీసుకున్నాం. "మీకెందుకురా అంత పెద్దది, ఈజీది చూసుకోండి" అన్నారొకరు. ఆ మాటకే ఇంక వదల్లేదు.

ఎపాక్సీ మనకి తెలియనిదేం కాదు. రెండు ట్యూబుల్లో వస్తుందే అరాల్డైట్, అదే. రెసిన్, హార్డెనర్ కలిస్తే అణువులు వలలాగ అల్లుకుని గట్టిపడతాయి. గట్టిదే గానీ పెళుసు. ఒకచోట పగులు పుడితే తిన్నగా దూసుకుపోతుంది. మన ఇళ్లలో గోడకి మట్టి తొక్కేటప్పుడు గడ్డి ఎందుకు కలుపుతారు? పగులు పారకుండా. గ్రాఫీన్ పనీ ఇంచుమించు అదే. పగులు ఆ రేకు దగ్గర ఆగాలి, లేదా చుట్టూ తిరిగి పోవాలి. తిరగాలంటే ఎక్కువ శక్తి కావాలి. లాగినప్పుడు బరువులో కొంత ఆ రేకు కూడా మోస్తుంది.

గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్‌లు గ్రాఫైట్ మీద టేపు అంటించి పీకి పీకి దీన్ని విడదీశారు. 2010లో నోబెల్ వచ్చింది. దీని యంగ్స్ మాడ్యులస్ సుమారు 1000 గిగాపాస్కల్స్, ఎపాక్సీది 3 దగ్గర. 2009లో అమెరికాలో రెన్‌సెలేర్ పాలిటెక్నిక్ వాళ్లు బరువులో 0.1 శాతం గ్రాఫీన్ రేకులు కలిపితే మాడ్యులస్ 31 శాతం, లాగితే తట్టుకునే బలం 40 శాతం, పగులుని ఆపే గుణం 53 శాతం పెరిగాయని చూపించారు. అంటే కిలో ఎపాక్సీకి ఒక్క గ్రాము!

మరి పది గ్రాములేస్తే పదింతలా? కాదు. అసలు సంగతి ఇక్కడే ఉంది. అమ్మ చోడిపిండిని ముందు చన్నీళ్లలో కలిపి, అప్పుడు మరిగే ఎసట్లో పోస్తూ తిప్పుతాది. పొడిపిండి ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కడతాది, ఉండ లోపల పచ్చిపిండే. గ్రాఫీన్ రేకులూ ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే ఉండకడతాయి. లోపలికి రెసిన్ వెళ్లదు. బలం ఇవ్వాల్సింది పోయి పగులు అక్కడే మొదలవుతుంది. రెసిన్ చిక్కబడి గాలిబుడగలూ బయటికి రావు. అందుకే ల్యాబుల్లో అల్ట్రాసౌండ్‌తో రేకుల్ని విడదీస్తారు. లేదంటే గ్రాఫీన్ ఆక్సైడ్ వాడతారు, దాని మీదున్న ఆక్సిజన్ గ్రూపుల వల్ల ఎపాక్సీని బాగా పట్టుకుంటుంది.

మా దగ్గర గ్రాఫీన్ ఎక్కడిది? పెన్సిల్ లెడ్డు నూరి అరాల్డైట్‌లో కలిపాం. అది గ్రాఫీన్ కాదు, గ్రాఫైటూ బంకమట్టీను. మూడు పట్టీలు పోశాం: ఉత్తది, చిటికెడు వేసింది, బాగా వేసింది. రెండిటుకల మీద పెట్టి, బకెట్ వేలాడదీసి, మగ్గుతో నీళ్లు పోసుకుంటూ పోయాం. బాగా వేసిందే ముందు విరిగింది. విరిగినచోట నల్ల ఉండలు కంటికే కనిపించాయి. మిగతా రెంటికీ తేడా మా బకెట్‌కి తెలియలేదు. సెమినార్లోనూ ఆ మాట ఉన్నదున్నట్టే చెబుతాం.

ఇంకోటి. ఫైబర్ పనికి పోతున్న మన కుర్రాళ్లు ఎవరైనా ఇది చదివితే, గ్లౌజులు అడిగి వేసుకోండి. ఎపాక్సీ హార్డెనర్ చేతికంటితే కొందరికి దద్దుర్లొస్తాయి. ఒకసారి ఎలర్జీ పట్టిందంటే తర్వాత కొంచెం తగిలినా మళ్లీ లేస్తాయి. గరుకుకాగితం పట్టేటప్పుడు మాస్కు కూడా.

సెమినార్ శుక్రవారం. ఇంగ్లీషులోనే చెప్పాలట. చోడి అంబలిలో ఉండ కట్టడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలిసినవాళ్లు గురువారం లోపు చెప్పండి.